‘అముక్’ అను మాట: ఒక ఆంగ్ల పలుకుబడి చరిత్ర

కోపం వచ్చినప్పుడు మనిషి ఏమవుతాడో చెప్పడానికి ప్రతి భాషకూ తనదైన ఊహ ఒకటి ఉన్నది. హిందీలో ‘ఆపే సే బాహర్ హోనా’ అంటారు. ఆ ‘ఆపా’ సంస్కృతంలోని ‘ఆత్మ’ శబ్దం నుండి వచ్చినది. కోపించినవాడు తనలో నుండి తానే బయటికి నడచిపోయినాడని భావం. తెలుగువాడు అరికాలి మంట నెత్తికెక్కినదంటాడు. ఇంగ్లీషువాడు ‘టెంపర్’ పోగొట్టుకున్నాడంటాడు. ఈ టెంపర్ అనే మాటకు మొదటి అర్థం కోపం కాదు, సమపాకం. పూర్వపు ఐరోపా వైద్యులు శరీరంలో రక్తం, కఫం, పచ్చపైత్యం, నల్లపైత్యం అని నాలుగు ద్రవాలున్నవనీ, అవి తగుపాళ్ళలో కలిసి ఉండడమే మనిషి స్వభావమనీ అనుకునేవారు. ఆ పాళ్ళు చెడితే టెంపర్ పోయినట్లు. మన వాత పిత్త శ్లేష్మాల లెక్కకు ఇది దూరమైనది కాదు.

ఇవన్నీ ఆయా భాషలు తమ పెరటిలో పెంచుకున్న మొక్కలు. కాని ఆంగ్లంలో కోపానికి సంబంధించిన ఒక పలుకుబడి మాత్రం సముద్రాలు దాటి పోయినది. అది ‘రన్ ఎమక్’. ఒళ్ళు తెలియని ఆవేశంతో, ఎదురుపడినవారినెల్ల కొట్టుకుంటూ పరుగెత్తడమని దాని అర్థం. ఇప్పుడు దాని వాడుక బాగా పలచబడినది. మదమెక్కిన ఏనుగు సంత మీద పడినా, ధరలు అదుపు తప్పినా, పెద్దలు లేని ఇంట్లో పిల్లలు అల్లరి చేసినా ఇంగ్లీషు పత్రికలు ఈ మాటనే వాడుతున్నవి. ఇంత తేలికైన ఈ మాట ఒకప్పుడు ఎంత బరువు మోసినదో, ఆ బరువు ఎక్కడెక్కడ జారిపోయినదో తెలుసుకోవలెనంటే మలయా ద్వీపాలకు, మలబారు తీరానికి పోవలసి ఉంటుంది.

‘అముక్’ మలయ్ మాట. విజృంభించి శత్రువుల మీద పడడం, ప్రాణాలకు తెగించి పోరాడడం దాని అర్థం. మలయ్ ప్రాచీన గాథలలో ఇది యుద్ధవర్ణనకు సంబంధించిన మాటయే కాని రోగానికి సంబంధించినది కాదు. ఐరోపావారికి ఈ మాట తెలియకముందే ఆ పని తెలిసినది. పదిహేనవ శతాబ్దపు తొలిభాగంలో విజయనగరాన్ని కూడ చూచిన వెనిస్ వర్తకుడు నికొలో కాంటీ, తూర్పు దీవుల ఆచారాలు చెప్పుతూ ఒక వింత సంగతి చెప్పినాడు; దానిని పోజియో అనే ఇటలీ పండితుడు వ్రాసి పెట్టినాడు. అక్కడ అప్పు తీర్చలేనివాడు అప్పిచ్చినవానికి బానిస కావలెను. బానిసత్వం కంటె చావు మేలనుకున్నవాడు కత్తి దూసి వీథిలోకి వచ్చి, తనకంటె బలవంతుడు ఎదురై తనను చంపేవరకు కనబడినవారిని చంపుతాడు. కథ ఇంతటితో ముగియదు. అప్పిచ్చినవాడు ఆ చంపినవాని మీద న్యాయస్థానంలో దావా వేసి, చచ్చినవాని బాకీ అతని వద్ద రాబట్టుకుంటాడట! కాంటీ విన్నది ఎంతవరకు నిజమో పక్కన పెట్టినా, ఈ వృత్తాంతంలో పిచ్చి అనే మాట లేదు. అప్పు ఉన్నది, బానిసత్వం ఉన్నది, ఒక ఎంపిక ఉన్నది, చివరకు వడ్డీవ్యాపారి లెక్క కూడ ఉన్నది.

మాటను మొదట పుస్తకానికెక్కించినవారు బుడతకీచులు. కన్ననూరు కోఠీలో ఉద్యోగం చేసి, మలయాళం బాగా నేర్చిన దువార్తె బార్బోసా 1516 ప్రాంతంలో తాను చూచిన, విన్న దేశాల వృత్తాంతం వ్రాసినాడు. జావావారిని గురించి చెప్పుతూ, కఠినమైన జబ్బు చేసినవాడు తాను బ్రతికితే ఇంతకంటె గౌరవమైన మరణాన్ని దేవుని పేర వెదకుకుంటానని మొక్కుకుంటాడనీ, నయమైన పిమ్మట బాకు చేతబట్టి వీథిలోకి పోయి చంపుతూ చస్తాడనీ, అట్టివారిని ‘అముకో’లంటారనీ తెలిపినాడు. ఇక్కడ కారణం అప్పు కాదు, మొక్కు. కాని ఇదీ పిచ్చి కాదు. మొక్కుకొనడానికి, నయమయ్యేవరకు ఆగడానికి, తరువాత మాట నిలుపుకొనడానికి మనస్సు స్థిరంగా ఉండవలెను. ఆ మొక్కు చెల్లింపులో పోయే ప్రాణాలు ఏ పాపమూ ఎరుగనివారివనే మాట వేరు, దానిని మరువరాదు.

బుడతకీచులు ఈ మాటను ‘అమౌకో’ అని మార్చుకొని మలబారుకు కూడ వర్తింపజేసినారు. 1503లో కాలికట్ జామొరిన్‌కు, కొచ్చిన్ రాజుకు జరిగిన యుద్ధంలో కొచ్చిన్ రాజకుమారులు హతులైనారు. తమ ప్రభువులు చనిపోగా తాము బ్రతికి ఉండడం అవమానమని తలచిన నాయర్లు ఒంటిమీది వెంట్రుకలు తీయించుకొని, బంధుమిత్రుల వద్ద చివరి సెలవు పుచ్చుకొని, చచ్చేవరకు చంపుతూ శత్రుదేశంలోకి పోయినారని గాస్పర్ కొరియా వ్రాసినాడు. అతడు వారిని అమౌకోలనే పిలిచినాడు. కాని వారి దేశంలో వారికి వేరే పేరు ఉన్నది: చావేర్లు. ఈ పేరులోని ‘చావు’ తెలుగువారికి అర్థం చెప్పనక్కరలేని మాట.

చావేర్ల చరిత్రలో ముఖ్యమైనది తిరునావాయలో జరిగే మామాంకం. భారతప్పుళ నది ఒడ్డున పన్నెండేండ్లకొకసారి జరిగే ఈ మహోత్సవానికి పూర్వం వల్లువనాటి రాజు అధ్యక్షుడు. జామొరిన్ ఆ గౌరవాన్ని బలంతో లాగుకొన్నాడు. అప్పటినుండి ప్రతి మామాంకానికీ వల్లువనాటి నుండి కొందరు యువకులు వచ్చేవారు. జామొరిన్ నిలిచే వేదికకూ వారికీ నడుమ వేలకొలది భటులుండేవారు. ఆ సైన్యాన్ని చీల్చుకొని వేదికనెక్కి అతనిని చంపడం అసాధ్యమని వారికీ తెలుసు, వారిని పంపినవారికీ తెలుసు. అయినా వచ్చినారు, చచ్చినారు. పన్నెండేండ్ల తరువాత వారి మేనల్లుళ్ళు వచ్చినారు. 1695లో జరిగిన ఉత్సవాన్ని గురించి అలెగ్జాండర్ హామిల్టన్ అనే స్కాట్లండు నావికుడు 1727లో ప్రకటించిన గ్రంథంలో వ్రాసినాడు. 1766లో హైదర్ అలీ మలబారును జయించిన తరువాత మామాంకం నామమాత్రంగా కూడ మిగలలేదు. పన్నెండేండ్లకు ఒకసారి ముహూర్తం చూచుకొని వచ్చే కోపాన్ని ఏ వైద్యుడు ఉన్మాదమంటాడు?

ప్రభువు కొరకు ప్రాణమిచ్చే ప్రతిజ్ఞ ఒక్క కేరళకే పరిమితం కాదు. హళేబీడులో హొయసల వీరబల్లాలుని కొరకు ప్రాణత్యాగం చేసిన కువర లక్ష్ముని శాసనస్తంభం ఉన్నది. కాకతీయ శాసనాలలో కనిపించే లెంకలు కూడ ప్రభువుతో ఇట్టి గాఢమైన బంధం గల భటులే. అందువల్ల బుడతకీచులు జావాలో విన్న మాటను మలబారులో వాడడం పూర్తిగా పొరపాటు అనలేము. రెండు చోట్లా వారికి కనిపించినది ఒకటే: ముందుగా చావును అంగీకరించి వచ్చినవాడు.

ఈ సామ్యమే తరువాతి పండితులను తికమక పెట్టినది. 1886లో హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ నిఘంటువు ఈ మాటకు చాల చోటిచ్చినది. తంజావూరులో జడ్జిగా ఉండిన బర్నెల్ సంస్కృత ద్రావిడ భాషలెరిగినవాడు; నిఘంటువు అచ్చుకాకముందే 1882లో గతించినాడు. ‘అముక్’ మూలం మలయ్ కాక, యుద్ధమనే అర్థం గల ‘అమర్’ శబ్దం నుండి వచ్చిన మలయాళపదమై ఉండవచ్చునని ఆ నిఘంటువు ఊహించినది. విడిపించరానిదని అర్థమిచ్చే ‘అమోక్ష్య’ అనే సంస్కృతశబ్దం కూడ చర్చకు వచ్చినది. నేటి భాషావేత్తలు మలయ్ మూలాన్నే అంగీకరిస్తారు. ధ్వనిని పట్టుకొని శబ్దమూలాలు వెదకడం పండితులకు సరదాయే కాని, ఆ సరదాకు ప్రమాణమయ్యే శక్తి లేదు. ఐనా ఆ నిఘంటువు చేసిన మేలు ఒకటున్నది: మలయా సముద్రాన్నీ మలబారునూ ఒకే పుటలో పెట్టి చూపినది.

ఇంగ్లండులో ఈ మాటకు పట్టిన గతి వేరు. 1672లో ఆండ్రూ మార్వెల్ తన ప్రతిపక్షి అయిన ఒక మతాచార్యుని ఎగతాళి చేస్తూ, కనబడినవారినెల్ల పొడిచే ఇండియనుతో అతనిని పోల్చి ఈ మాటను వాడినాడు. 1687లో డ్రైడెన్ తన మతవివాద కావ్యంలోను, 1733లో పోప్ తన వ్యంగ్యకవితలోను దానిని ప్రయోగించినారు. ముగ్గురి చేతిలోను అది కలహప్రియుడైన రచయితను కొట్టే కర్ర. అంటే, ఆంగ్లసాహిత్యంలో అడుగు పెట్టిననాడే అది కత్తి నుండి కలానికి, చావు నుండి వాగ్వాదానికి మారిపోయినది. పైగా చెవికి తెలియని మాట కావడంవల్ల ఇంగ్లీషువారు దానిని రెండుగా విరిచి, మొదటి అచ్చును తమ భాషలోని ‘ఎ’ అనే ఉపపదంగా లెక్క గట్టి, మిగిలిన భాగాన్ని ‘మక్’ అన్నారు. ఇంగ్లీషులో ‘మక్’ అంటే పెంట. 1755లో జాన్సన్ తన మహానిఘంటువులో ఈ పలుకుబడిని ఆ పెంట క్రిందనే చేర్చి, పిచ్చిగా పరుగెత్తి ఎదురైనవారి మీద పడడమని అర్థం వ్రాసినాడు. జావావాని మొక్కు లండన్ చేరేసరికి పెంటకుప్ప మీద పడినది.

కవులు ఇట్లా వినోదిస్తుండగా తూర్పున ఆ మాటకు న్యాయస్థానంలో ప్రవేశం కలిగినది. 1770లో కెప్టెన్ కుక్ నౌక బటేవియాలో ఆగినది. 1773లో వెలువడిన అతని యాత్రావృత్తాంతంలో డచ్చివారి పాలనలో అముక్ ఎట్లుండేదో ఉన్నది. నల్లమందు మత్తులో మనిషి వీథిన పడతాడనీ, అట్టివానిని ప్రాణాలతో పట్టి ఇచ్చిన అధికారికి మంచి బహుమానం ఉంటుందనీ, పట్టుబడినవానిని చక్రం మీద ఎముకలు విరిచి చంపుతారనీ అందులో చెప్పబడినది. ఇంతకూ ఈ ‘అముక్’లు ఎవరు? బటేవియా బానిసల మీద నిలిచిన నగరం. సెలెబీస్, బలి మొదలైన దీవుల నుండి తెచ్చిన బానిసలు ఇండ్లలోను రేవులలోను పనిచేసేవారు. నేరగాండ్రలో వీరే ఎక్కువగా కనబడేవారు. కారణం నల్లమందు అని వ్రాసినవారికి పక్కనే ఉన్న బానిసత్వం కనబడలేదు. మూడున్నర శతాబ్దాల క్రిందట కాంటీకి కనబడినది మరి! ఆ నల్లమందు వర్తకం ఎవరి చేతిలో ఉండినదనే ప్రశ్న కూడ వారు వేసుకొనలేదు.

ఇంగ్లీషువారి పాలనలోని పినాంగులో 1846 జూలై 8న జరిగిన ఒక సంఘటన ఈ చరిత్రలో మరువరానిది. సూనన్ అనే మలయ్ గృహనిర్మాణపు పనివాడు, పదిమందిలో మర్యాద గలవాడు, కత్తి పట్టి వీథిన పడి పలువురిని చంపినాడు. చచ్చినవారిలో తండ్రి చేతులలో ఉన్న చిన్న బాలిక ఉన్నది. హతులలో చీనావారున్నారు, ‘క్లింగు’లున్నారు. క్లింగులంటే కళింగం పేరుతో మలయ్‌వారు పిలిచే మన తూర్పుతీరపు తెలుగు, తమిళ ప్రజలు. పొట్ట చేతబట్టుకొని సముద్రం దాటిపోయినవారు. విచారణలో తేలినదేమంటే, సూనన్‌కు అంతకు కొద్దికాలం ముందే భార్య, ఒక్కగానొక్క బిడ్డ పోయినారు. ఏమి చేసినాడో తనకే తెలియదన్నాడు. న్యాయాధిపతి సర్ విలియం నారిస్ అతనికి మరణశిక్ష విధించి, శవాన్ని బంధువులకు ఇవ్వక వైద్యుల కోతకు ఇవ్వవలెననీ, మిగిలిన అవయవాలను సముద్రంలోనో గుంటలోనో పారవేయవలెననీ ఆజ్ఞాపించినాడు. నేరం, విచారణ, ఉరి — అన్నీ ఎనిమిది దినాలలో ముగిసినవి. ఆ బాలిక తండ్రి దుఃఖానికి ఈ శిక్ష ఏపాటి ఊరట ఇచ్చినదో ఏ రికార్డూ చెప్పదు. సూనన్ దుఃఖానికి కూడ రికార్డులో ఒక్క వాక్యానికి మించి చోటు లేదు. ‘అముక్’ అని పేరు పెట్టిన తరువాత ఇంక విచారించవలసినది మిగలలేదనే ధోరణి ఆ తీర్పులో స్పష్టంగా ఉన్నది.

అర్ధశతాబ్దం గడిచేసరికి న్యాయమూర్తి స్థానంలోకి వైద్యుడు వచ్చినాడు. సింగపూరు పిచ్చాసుపత్రి అధికారి గిల్మోర్ ఎల్లిస్ 1893లో మలయ్‌వారి అముక్‌ను గురించి లండన్ వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించినాడు. 1895లో ఫ్రాంక్ స్వెట్టెన్‌హామ్ తన మలయ్ వృత్తాంతాలలో దీనికొక అధ్యాయమే కేటాయించినాడు. 1904లో జర్మన్ మనోవైద్యుడు క్రేపెలిన్ జావా పోయి రోగులను పరిశీలించినాడు. ఉరికంబం నుండి ఆసుపత్రికి మార్పు మేలైనదే, సందేహం లేదు. కాని ఈ రోగం ఒక జాతికి సొంతమన్న భావం కూడ దానితోబాటు స్థిరపడినది. మలయ్‌వాడు మౌనంగా ఉంటే లోపల అముక్ పొంగుతున్నదని తెల్లదొర భయపడేవాడు. అమెరికా మనోవైద్యసంఘం 1994లో ప్రకటించిన రోగనిర్ణయ గ్రంథంలో ‘అముక్’ సంస్కృతిబద్ధ వ్యాధుల పట్టికలో ఉన్నది. 2013 నాటి కూర్పులోని పట్టికలో అది లేదు. ఈ నడుమ అమెరికాలోనే పాఠశాలలలో, అంగళ్ళలో తుపాకి పట్టి కనబడినవారినెల్ల కాల్చినవారి వార్తలు లోకమంతా చదివినది. అది ఒక్క జాతి రోగమని చెప్పడం ఎవరికీ సాధ్యం కాని పని అయినది.

పేరు పెట్టి ఊరుకొనక కారణం అడిగిన పాలకుడు ఒకడు మలబారులోనే ఉన్నాడు. పందొమ్మిదవ శతాబ్దంలో 1836 నుండి అక్కడ మాప్పిళ రైతులు కొందరు చావుకు సిద్ధపడి, జన్మీలమీద పడి చంపి, సైనికుల తుపాకులకెదురు పోయి చచ్చేవారు. మతోన్మాదమే దీనికి కారణమని 1852లో స్ట్రేంజ్ నివేదిక చెప్పినది. దాని ననుసరించి 1854లో కఠినమైన చట్టం వచ్చినది. మరుసటి సంవత్సరమే కలెక్టరు కానలీ తన బంగళాలోనే హతుడైనాడు. 1881లో భూమి హక్కుల విచారణకు నియమితుడైన విలియం లోగన్ గ్రామాలు తిరిగి, కౌలుదారుల మాటలు విని, మరుసటి సంవత్సరం వేరొక సమాధానం చెప్పినాడు: రైతులను భూములనుండి వెళ్ళగొట్టే అధికారం జన్మీలకు ఉన్నంతకాలం ఈ రక్తపాతం ఆగదని. తిరునావాయ చావేర్ల వృత్తాంతాన్ని 1887 నాటి ‘మలబార్ మాన్యువల్’లో శ్రద్ధగా వ్రాసినవాడూ ఈ లోగనే. లోగన్ చెప్పిన కారణం మొత్తం కారణమా అని చరిత్రకారులు తరువాత వాదించుకున్నారు. మతావేశానికి అతడు తక్కువ విలువ ఇచ్చినాడని కొందరంటారు. కావచ్చును. ఐనా చంపినవానిని గురించి ‘వీడెవడు?’ అని కాక ‘వీనికేమైనది?’ అని అడిగినవాడుగా అతనికి గౌరవం దక్కవలెను.

మలయ్‌వారు ఈ ప్రశ్నను తమ కావ్యంలో ముందే వేసుకున్నారు. పదిహేడవ శతాబ్దంలో రూపొందినదని తలచబడే ‘హికాయత్ హంగ్ తువా’ వారికి భారతమంతటిది; 2001లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేరినది. అందులో హంగ్ తువా ‘కెలింగ్’ దేశానికి రాయబారిగా వచ్చి బిజయనగరంలో ‘కిస్న రాయన్’ను దర్శించుకుంటాడు. కృష్ణదేవరాయల కీర్తి మలక్కా రేవు చేరిన దారి ఇది. ఈ కథలో హంగ్ తువా మీద కొండెములు విని రాజు అతనికి మరణశిక్ష విధిస్తాడు. మంత్రి అతనిని దాచిపెడతాడు. మిత్రుడు మరణించినాడనుకున్న హంగ్ జెబాత్ రాజు మీద తిరుగబడి కోటను ఆక్రమిస్తాడు. అతనిని చంపడానికి చివరకు తువానే పిలిపిస్తారు. గాయపడిన జెబాత్ పట్టణంలో పడి చేసినదే అముక్. ఎంతోమంది నిరపరాధులు చస్తారు. కావ్యం అతనిని మెచ్చుకొనదు, కాని అతని కోపానికి మూలం రాజు అన్యాయమని దాచనూ దాచదు. అందుకే స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి మలయ్ రచయితలు జెబాత్‌ను కొత్తగా చూచినారు. ఉస్మాన్ అవాంగ్ 1961లో అతనిని నాయకుని చేసి నాటకం వ్రాసినాడు.

ఐరోపాలో ఈ మాటకు సాహిత్యగౌరవం తెచ్చినది 1922లో స్టెఫన్ జ్వైగ్ వ్రాసిన కథ. కలకత్తా నుండి ఐరోపాకు పోయే నౌకలో, అర్ధరాత్రి వేళ, డచ్చి దీవులలో పనిచేసిన ఒక వైద్యుడు తన కథ చెప్పుకుంటాడు. అముక్ ఇప్పుడు తెల్లవానికే పట్టినది. ఒక స్త్రీ సహాయం కోరి రాగా అహంకారంతో కాదని, తరువాత పశ్చాత్తాపంతో ఆమె వెంట పిచ్చివానివలె పరుగెత్తినవాడు అతడు. జాతిరోగమని వైద్యులు వ్రాసుకుంటున్న దినాలలో జ్వైగ్ ఈ పని చేయడం చిన్న సంగతి కాదు.

ఈ పలుకుబడిని తెలుగు చేయవలసి వచ్చినప్పుడు సాధారణంగా ‘పిచ్చెత్తి’ అనో ‘విచక్షణ మరచి’ అనో వ్రాస్తుంటారు. నేటి పత్రికావ్యాసానికి అది చాలును. కాని బార్బోసాకు అది చాలదు, కొరియాకు అసలే పనికిరాదు. తెలుగులో ఇదే దారి నడచిన మాట ఒకటున్నది: వీరంగం. వీరభద్రుని కొలుపులో వీరణాలు మ్రోగుతుండగా, కత్తి పట్టి, దక్షయజ్ఞధ్వంసాన్ని ఖడ్గాలుగా చదువుతూ ఆవేశంతో వేసే నృత్యం అది. దానికి మొక్కు ఉన్నది, నియమం ఉన్నది, తెరిపి ఉన్నది. నేడు తాగి బజారులో గొడవ చేసినవానిని గురించి కూడ పత్రికలు ‘వీరంగం సృష్టించినాడ’ని వ్రాస్తున్నవి. ‘శివమెత్తడం’ గతి కూడ అంతే; శివుడు పూనినవాడు కాస్తా, ఇంటిలో కూర మాడినందుకు శివాలెత్తినవాడైనాడు. పరాయిపాలకుడు, వైద్యుడు, నిఘంటుకర్త ఎవరూ లేకుండానే తెలుగువారు తమ మాటను తామే పలచన చేసుకున్నారు.

కనుక నేటి ఆంగ్లవాక్యంలోని తేలిక అముక్‌కు ‘వీరంగం’ చక్కగా సరిపోతుంది. పదహారవ శతాబ్దపు జావావానికి అదే మాట వాడదలచినవారు మాత్రం పాఠకుని ముందుగా వీరభద్రుని గుడి ముంగిట నిలువబెట్టవలెను. మలబారువానికి ఆ చిక్కు లేదు. ‘చావేరు’ అని వ్రాసి ఊరుకుంటే తెలుగువానికి తెలుస్తుంది. ఇక ఇండొనేషియావారి వాడుక ఇంకొక తీరు. అక్కడ 1998లో జరిగిన ఘోరమైన అల్లర్లకు ‘అముక్ మాసా’, అనగా జనసమూహపు అముక్, అని పేరు వచ్చినది. ఒంటరిగా చావబోయే మనిషికి ఉద్దేశించిన మాట ఇప్పుడు గుంపుకు చెల్లుతున్నది. దానికి తెలుగు మాట ఇంకా వెదకవలసి ఉన్నది.